నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది



అద్దాల తొట్టిలో రంగురంగుల చేపలు తిరుగుతుంటే మీరు చూసే ఉంటారు. పట్నంలో దవాఖానల్లో, దుకాణాల్లో, కొందరి ఇండ్లల్లో ఈ తొట్లు కనపడతాయి. వాటిలో ఎక్కువగా ఉండేవి మంచినీళ్ళ చేపలు. మన చెరువు నీళ్ళలాంటి నీళ్ళలోనే అవి బతుకుతాయి.

ఇప్పుడు కొందరు సముద్రం చేపలను కూడా ఇంట్లో పెంచుతున్నారు. వాటిలో క్లౌన్ చేప అని ఒకటి ఉంది. చిటికెన వేలంత ఉంటుంది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు ఉంటాయి. చూస్తే చూడబుద్ధి అవుతుంది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు సముద్రం చాలా దూరం. మనలో చాలామంది సముద్రాన్ని చూడనే లేదు. మరి సముద్రం చేప మన ఇంట్ల బతుకుతదా?

బతుకుతుంది. కానీ ఒక షరతు ఉంది. దాని నీళ్ళలో ఉప్పు సరిగ్గా ఉండాలి. ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే.

"మా ఇంట్ల చేపల తొట్టి లేదు. పెట్టేది లేదు. ఈ పాఠం మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే. కానీ ఈ తొట్టి లెక్క తెలిస్తే వడ్ల విత్తనానికి ఉప్పునీళ్ళు కలిపే లెక్క తెలుస్తుంది. విరేచనాలైన పిల్లకు ఉప్పు, చక్కెర నీళ్ళు కలిపే లెక్క కూడా తెలుస్తుంది. ఆ లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అద్దాల తొట్టిలో అన్నీ కండ్లకు కనపడతాయి. అందుకే అక్కడి నుంచి మొదలు పెడదాం.

సముద్రం నీళ్ళలో ఎంత ఉప్పు?

ఒక లీటరు సముద్రపు నీళ్ళు తీసుకొని పూర్తిగా ఆవిరి చేస్తే అడుగున సుమారు 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది. అంటే రెండు పెద్ద చెంచాల ఉప్పు.

అన్ని చోట్లా ఇంతే ఉండదు. మన గోదావరి ధర్మపురి ముందు నుంచి పారుతుంది. చివరికి పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణ, గంగ కూడా అందులోనే కలుస్తాయి. ఇన్ని మంచినీళ్ళు కలుస్తాయి కాబట్టి బంగాళాఖాతంలో ఒడ్డు వైపు ఉప్పు కొంచెం తక్కువ.

గల్ఫ్ సముద్రం అట్ల కాదు. మన దగ్గరి నుంచి దుబాయికి, మస్కట్‌కు, కువైట్‌కు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. గల్ఫ్ దేశాల్లో ఎండ ఎక్కువ, వాన తక్కువ. ఆ సముద్రంలో కలిసే నదులూ తక్కువే. అందుకే అక్కడ లీటరుకు 40 గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. ఆ దేశాల్లో తాగే నీళ్ళలో చాలా వరకు సముద్రపు నీళ్ళ నుంచి ఉప్పు తీసేసి తయారు చేసినవే.

సముద్రం ఎందుకు ఉప్పగా అయింది? నదులు రాళ్ళను, మట్టిని ఒరుసుకుంటూ పారుతాయి. వాటిలోని ఉప్పులు కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతాయి. మన నాలుకకు తెలియనంత తక్కువ. ఆ నీళ్ళు సముద్రంలో కలుస్తాయి. ఎండకు నీళ్ళు ఆవిరై మబ్బులవుతాయి. ఉప్పు మాత్రం సముద్రంలోనే ఉండిపోతుంది. కోట్ల ఏండ్లుగా ఇదే జరుగుతున్నది.

నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. పాఠం అంతా ఈ మాట మీదనే ఉంది.

ఉప్పు తప్పితే చేపకు ఏమవుతుంది?

మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు కలుపుతాం. కొంచెం సేపటికి ముక్కల నుంచి ఊట వస్తుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? ముక్కల లోపలివే. బయట ఉప్పు ఎక్కువగా ఉంటే లోపలి నీళ్ళు బయటికి వస్తాయి.

చేప ఒంటికి కూడా ఇదే జరుగుతుంది. సముద్రం చేప రక్తంలో ఉన్న ఉప్పు కన్నా దాని చుట్టూ ఉన్న నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కాబట్టి దాని ఒంట్లోని నీళ్ళు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటాయి. ఆ లోటు తీర్చుకోవడానికి చేప సముద్రపు నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళతో వచ్చిన ఎక్కువ ఉప్పును మొప్పల నుంచి బయటికి పంపిస్తుంది. పగలూ రాత్రీ ఈ పని చేస్తూనే ఉంటుంది.

తొట్టిలో ఉప్పు పెరిగితే చేపకు ఈ పని ఎక్కువవుతుంది. అది అలసిపోతుంది. తిండి మానేస్తుంది. మూలకు పోయి ఊరికే ఉంటుంది. రోగాలు తొందరగా పట్టుకుంటాయి. ఇంకా పెరిగితే చస్తుంది.

అదే చేపను ఒక్కసారిగా మంచినీళ్ళలో వేస్తే? ఇప్పుడు నీళ్ళు ఒంట్లోకి చొరబడతాయి. అది తట్టుకోలేదు. అదీ చావే.

మన చెరువులోని కొర్రమట్టను సముద్రంలో వేసినా అంతే. అది మంచినీళ్ళకు అలవాటుపడ్డ చేప. ఎవరి నీళ్ళు వారికి.

తొట్టి నీళ్ళు కలిపే తీరు

"ఇంట్లో ఉప్పు ఉంది కదా, కలిపేస్తే సరిపోదా?" అని అనుకోవద్దు. మనం కూరలో వేసే ఉప్పు వేరు, సముద్రంలోని ఉప్పు వేరు. సముద్రపు ఉప్పులో నూటికి 85 పాళ్ళు మన కూర ఉప్పులాంటిదే. మిగతా పాళ్ళలో మెగ్నీషియం, సున్నం, పొటాషియం వంటివి ఉంటాయి. చేపకు అవి కూడా కావాలి. అందుకే చేపల తొట్టి కోసం ప్రత్యేకంగా చేసిన సముద్రపు ఉప్పు పొట్లాలు దుకాణాల్లో అమ్ముతారు. అదే వాడాలి.

నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. మన బోరు నీళ్ళు రోజూ కాగబెట్టే గంజు అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. చూశారు కదా? అది నీళ్ళలో కరిగి ఉన్న సున్నం, ఇతర ఉప్పులు. అంటే బోరు నీళ్ళలో మొదటే కొన్ని ఉప్పులు ఉన్నాయి. అవి తొట్టిలోకి పోతే లెక్క తప్పుతుంది. నల్లా నీళ్ళలో క్లోరిన్ మందు ఉంటుంది. అది చేప మొప్పలకు పడదు. అందుకే ఫిల్టర్ మిషన్‌లో శుద్ధి చేసిన నీళ్ళు వాడడం మంచిది.

ఇప్పుడు 100 లీటర్ల తొట్టి ఉందనుకుందాం. లీటరుకు 35 గ్రాముల ఉప్పు కావాలి.

35 × 100 = 3500 గ్రాములు. అంటే మూడున్నర కిలోలు.

ఈ ఉప్పును చేపలున్న తొట్టిలో ఎప్పుడూ పోయకూడదు. శుభ్రమైన బకెట్లో నీళ్ళు తీసుకొని అందులో కలపాలి. బాగా కలియబెట్టి ఒక రోజు ఉంచాలి. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు పెడితే ఇంకా మంచిది. ఉప్పు పూర్తిగా కరగాలి, నీళ్ళు తేటగా కావాలి. ఆ తరువాత కొలిచి చూసి తొట్టిలో పోయాలి.

కొత్త తొట్టిలో వెంటనే చేపలు వేయరు. చేపల మురికిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో పెరగాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. తొందరపడితే చేపలు దక్కవు.

గుడ్డు పరీక్ష, గాజు కొలత

ఉప్పు ఎంత ఉందో కొలిచేది ఎట్లా? నోట్లో పోసుకొని చూస్తే తెలుస్తుందా? ఉప్పగా ఉందని తెలుస్తుంది. 35 గ్రాములా, 40 గ్రాములా అన్నది నాలుక చెప్పలేదు.

మన రైతు ఇండ్లల్లో ఒక పాత పద్ధతి ఉంది. వడ్ల విత్తనంలో తాలు వేరు చేయడానికి ఉప్పునీళ్ళు కలుపుతారు. ఆ నీళ్ళలో ఒక కోడిగుడ్డు వేస్తారు. మంచినీళ్ళలో అయితే తాజా గుడ్డు అడుగుకు పోతుంది. ఉప్పు కలుపుతూ పోతే నీళ్ళు చిక్కనవుతాయి. గుడ్డు మెల్లగా పైకి లేస్తుంది. రూపాయి బిళ్ళంత మేర పైకి కనపడితే ఉప్పు చాలు అని లెక్క. అప్పుడు గుడ్డు తీసి వడ్లు పోస్తారు. తాలు గింజలు తేలుతాయి. గట్టి గింజలు మునుగుతాయి. మునిగిన గింజలను మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి నానబెడతారు. కడగకపోతే మొలక దెబ్బతింటుంది. ఇక్కడ కూడా చూడండి, ఉప్పు ఎంతసేపు కావాలో అంతసేపే.

ఈ గుడ్డు పరీక్ష చేపల తొట్టికి పనికి వస్తుందా? రాదు. ఎందుకంటే సముద్రపు నీళ్ళలో కూడా తాజా గుడ్డు మునిగే పోతుంది. గుడ్డు తేలాలంటే సముద్రం కన్నా చాలా ఎక్కువ ఉప్పు కావాలి. ఆ నీళ్ళలో చేప బతకదు.

కానీ ఉపాయం మాత్రం అదే. గుడ్డు బదులు గాజు గొట్టం వాడతారు. దాన్ని హైడ్రోమీటర్ అంటారు. దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. ఉప్పు పెరిగితే గొట్టం పైకి తేలుతుంది. ఉప్పు తగ్గితే కిందికి దిగుతుంది. నీళ్ళ మట్టం ఏ అంకె దగ్గర ఉందో చదవాలి. మంచినీళ్ళకు 1.000 అని చూపిస్తుంది. సముద్రం చేపల తొట్టికి 1.023 నుంచి 1.026 మధ్య ఉండాలి.

1.023 కూ 1.033 కూ తేడా ఒక్క అంకే. చదవడం వచ్చినవాళ్ళకే ఆ తేడా దొరుకుతుంది. ఆ అంకె సరిగ్గా చదివితే చేప బతుకుతుంది.

ఒక చుక్క నీళ్ళతో ఉప్పు చూపించే పరికరం కూడా ఉంది. దాన్ని రిఫ్రాక్టోమీటర్ అంటారు. వెలుగు వైపు పెట్టి కంటితో చూడాలి. ముందు శుద్ధమైన నీటి చుక్క వేసి సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. ఏ పరికరం అయినా వాడిన తరువాత మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే ఉప్పు పేరుకొని తప్పు చెబుతుంది.

చాలామంది చేసే పొరపాటు

తొట్టిలో నీళ్ళు రోజురోజుకూ తగ్గుతాయి. మన దగ్గర ఎండకాలంలో మరీ తొందరగా తగ్గుతాయి. ఫ్యాను గాలి తగిలితే ఇంకా తగ్గుతాయి.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు ఇట్లా మాట్లాడుకుంటున్నారనుకుందాం.

"అత్తమ్మా, తొట్టిల నీళ్ళు తగ్గినయి. ఉప్పునీళ్ళు కలిపి పోద్దునా?"

"ఉప్పునీళ్ళు ఎందుకు బిడ్డా? తగ్గింది నీళ్ళు. ఉప్పు యాడికి పోయింది?"

అత్త చెప్పిందే నిజం. లెక్క వేసి చూద్దాం.

మొదటి రోజు: నీళ్ళు 100 లీటర్లు, ఉప్పు 3500 గ్రాములు. లీటరుకు 35 గ్రాములు.

వారం తరువాత 10 లీటర్లు ఆవిరి అయినాయి. నీళ్ళు 90 లీటర్లు, ఉప్పు అదే 3500 గ్రాములు. లీటరుకు సుమారు 39 గ్రాములు అయింది. మనం ఏమీ కలపకుండానే ఉప్పు పెరిగింది!

ఇప్పుడు 10 లీటర్ల మంచినీళ్ళు పోస్తే మళ్ళీ 100 లీటర్లు, 3500 గ్రాములు. లీటరుకు 35. సరిపోయింది.

అట్లా కాకుండా 10 లీటర్ల ఉప్పునీళ్ళు పోస్తే? వాటితో 350 గ్రాముల ఉప్పు కొత్తగా వచ్చి చేరుతుంది. మొత్తం 3850 గ్రాములు. నాలుగు వారాలు ఇట్లే చేస్తే 4900 గ్రాములు. లీటరుకు 49 గ్రాములు. గల్ఫ్ సముద్రం కన్నా ఎక్కువ ఉప్పు! తొట్టి పైకి అట్లనే కనపడుతుంది. నీళ్ళు తేటగానే ఉంటాయి. చేపలు మాత్రం ఒక్కొక్కటే చస్తాయి. ఎందుకు చస్తున్నాయో ఇంట్లోవాళ్ళకు తెలియదు.

కాబట్టి తొట్టి అద్దం మీద నీళ్ళ మట్టం దగ్గర ఒక గీత పెట్టాలి. రోజూ పొద్దున చూడాలి. గీత కన్నా నీళ్ళు దిగితే శుద్ధి చేసిన మంచినీళ్ళు గీత దాకా పోయాలి. వారం దాకా ఆగి ఒక్కసారే పోయడం కన్నా రోజూ చెంబెడు పోయడం చేపకు మంచిది.

మరి ఉప్పునీళ్ళు ఎప్పుడు పోయాలి?

చేపల మురికి తొట్టిలోనే ఉంటుంది కదా. అందుకే వారానికి ఒకసారి పదో వంతు నీళ్ళు తీసేసి కొత్తవి పోయాలి. 100 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు తీసేస్తాం. ఆ నీళ్ళతో పాటు 350 గ్రాముల ఉప్పు కూడా బయటికి పోయింది. ఇప్పుడు పోయాల్సింది మంచినీళ్ళు కాదు. అంతే ఉప్పు ఉన్న 10 లీటర్ల ఉప్పునీళ్ళు పోయాలి.

రెండు మాటల్లో చెప్పాలంటే:

ఆవిరైతే మంచినీళ్ళు పోయాలి.
తీసేస్తే ఉప్పునీళ్ళు పోయాలి.

ఏది పోయిందో అదే తిరిగి పోయాలి. అంతకన్నా ఎక్కువ వద్దు, తక్కువ వద్దు.

తీసేసిన పాత నీళ్ళను చెట్లకు పోయవద్దు. పొలంలో, బావి దగ్గర, చెరువులో పారబోయవద్దు. నేల చౌడు బారుతుంది. మోరీలో పోయాలి.

ఉప్పు ఇప్పటికే పెరిగి ఉంటే కంగారుపడి ఒక్కసారే తగ్గించకూడదు. రోజుకు లీటరుకు ఒక గ్రాము, మహా అయితే రెండు గ్రాములు. అంతే మార్చాలి. కొన్ని నీళ్ళు తీసి, ఆ మేరకు మంచినీళ్ళు పోస్తూ నాలుగైదు రోజుల్లో దారికి తేవాలి. దుకాణం నుంచి కొత్త చేపను తెచ్చినా అంతే. సంచిలోని నీళ్ళలో మన తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయాలి.

ఇంకొక జాగ్రత్త. ఉప్పునీళ్ళ మీదుగా కరెంటు తొందరగా పారుతుంది. తడి చేతులతో మోటారు ప్లగ్గు ముట్టుకోవద్దు. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు కరెంటు బంద్ చేయాలి.

ఈ లెక్క మీద బతుకుతున్నవాళ్ళు

ఇది సరదా కోసమే అనుకోవద్దు. అరేబియా సముద్రంలో లక్షద్వీప్ అని మన దేశపు దీవులు ఉన్నాయి. అందులో అగత్తి దీవిలో ఆడవాళ్ళకు చేపల జన్యు వనరుల మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ శిక్షణ ఇచ్చింది. అద్దాల తొట్లలో పెంచుకునే రంగుల చిన్న రొయ్యలను పెంచడం వాళ్ళు నేర్చుకున్నారు. క్లౌన్ చేపలను కూడా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తొట్లలోనే పుట్టించి పెంచింది. ఇట్లా పెంచిన చేపలనే కొనాలి. సముద్రంలోని పగడపు దిబ్బల నుంచి పట్టి తెస్తూ పోతే అక్కడ చేపలు కరువవుతాయి.

మన తెలుగు తీరంలో నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. ఎండకాలంలో ఆ చెరువుల నీళ్ళు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. వానకాలంలో తగ్గుతుంది. రైతులు కొలుచుకుంటూ ఉంటారు. ఆ ఉప్పునీళ్ళు పక్క పొలాల్లోకి, తాగునీళ్ళ బావుల్లోకి దిగితే ఊరికి నష్టం. ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో కోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది.

బిడ్డ ఒంట్లోని నీళ్ళు

ఇప్పుడు మన ఇంటి లెక్కకు వద్దాం.

మన ఒంట్లో కూడా ఉప్పునీళ్ళే ఉన్నాయి. కన్నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చెమట ఉప్పగా ఉంటుంది. దవాఖానలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 అని రాసి ఉంటుంది. ఈసారి చదివి చూడండి. అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. మన రక్తానికి సరిపోయే ఉప్పు అది.

పిల్లకు విరేచనాలు అయితే ఏమవుతుంది? తొట్టిలో ఆవిరైనట్టు నీళ్ళు మాత్రమే పోవు. నీళ్ళూ పోతాయి, ఉప్పూ పోతుంది. ఏది పోయిందో అదే తిరిగి ఇవ్వాలి. కాబట్టి ఉత్త నీళ్ళు తాగిస్తే చాలదు. నీళ్ళు, ఉప్పు రెండూ ఇవ్వాలి. కొంచెం చక్కెర కూడా ఉండాలి. ఆ చక్కెర ఉంటేనే పేగు ఉప్పునూ నీళ్ళనూ తొందరగా లోపలికి తీసుకుంటుంది.

1971 లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు లక్షల మంది పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బంగావ్ దగ్గరి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, సోడా, గ్లూకోజు లెక్క ప్రకారం నీళ్ళలో కలిపించి తాగించారు. అంతకు ముందు నూరు మందిలో 30 మంది దాకా చనిపోయేవారు. తరువాత అది నాలుగుకు లోపు వచ్చింది. ఆయన 2022 లో కాలం చేశారు. 2023 లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆయన వాడిన నీళ్ళలో లీటరుకు 3.5 గ్రాముల ఉప్పు ఉండేది. 2002 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2.6 గ్రాములకు తగ్గించింది. చూశారా, ఒక్క గ్రాము కోసం ఎంత ఆలోచించారో!

ఇప్పుడు ఓఆర్ఎస్ పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో దొరుకుతాయి. పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది. కొన్ని లీటరు నీళ్ళకు చేసినవి. కొన్ని ఒక గ్లాసు నీళ్ళకు, అంటే 200 మిల్లీలీటర్లకు చేసినవి. పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది. అది పిల్లకు ప్రమాదం. చిన్న పొట్లాన్ని లీటరులో కలిపితే మందు పలచన అవుతుంది, పని చేయదు. కాబట్టి చదవండి. చదివిన తరువాతనే చింపండి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి.

పొట్లం దొరకకపోతే ఇంట్లో చేసుకోవచ్చు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. చిన్న చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల చక్కెర. అదే చెంచాతో అర చెంచా ఉప్పు. బాగా కలిపి రుచి చూడండి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ చేయండి. పిల్లకు చెంచా చెంచాగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరు చెప్పిన జింకు మాత్రలు 14 రోజులు వేయండి.

కండ్లు లోపలికి పోయినా, పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకపోవాలి.

దుకాణాల్లో తియ్యని డబ్బా పానీయాలు కూడా ఓఆర్ఎస్ పేరు పెట్టుకొని అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు లెక్క ప్రకారం ఉండదు. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏండ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడవద్దని ఆదేశించింది. పేరు చూసి మోసపోవద్దు. వెనక రాసింది చదవండి.

గుర్తు పెట్టుకుందాం

• నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు, అక్కడే ఉంటుంది.
• తొట్టిలో ఆవిరైతే మంచినీళ్ళు, తీసేస్తే ఉప్పునీళ్ళు.
• ఉప్పును నాలుకతో కాదు, కొలతతో చూడాలి.
• మార్పు మెల్లగా చేయాలి.
• విరేచనాల్లో నీళ్ళు, ఉప్పు రెండూ పోతాయి. రెండూ ఇవ్వాలి. లెక్క ప్రకారం ఇవ్వాలి.

చేసి చూడండి

ఒక పళ్ళెంలో గ్లాసు నీళ్ళు పోసి చెంచా ఉప్పు కలపండి. ఎండలో పెట్టండి. రెండు మూడు రోజుల తరువాత చూడండి. ఏది పోయింది? ఏది మిగిలింది? మీ పిల్లలకు చూపించండి.

ఆలోచించి చెప్పండి

1. తొట్టిలో 50 లీటర్ల నీళ్ళు పట్టే చోటు ఉంది. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఎంత ఉప్పు కావాలి?
2. ఆ తొట్టిలో 5 లీటర్లు ఆవిరి అయినాయి. ఏ నీళ్ళు పోయాలి? ఎందుకు?
3. ఎండలో ఉపాధి పనికి పోయినప్పుడు చెమట పడుతుంది. నీళ్ళు మాత్రమే పోతాయా? ఉప్పేసిన మజ్జిగ తాగితే ఎందుకు హాయిగా ఉంటుంది?
4. మీ ఊరి ఉపకేంద్రం నుంచి ఒక ఓఆర్ఎస్ పొట్లం తెచ్చుకోండి. దాని మీద ఎన్ని నీళ్ళలో కలపాలని రాసి ఉందో చదివి, కేంద్రంలో అందరికీ వినిపించండి.